ప్రో కబడ్డీ వేలానికి ముందు తెలుగు టైటాన్స్‌కి ఎవరు కావాలో ఎలా తేల్చాలి?

ప్రశ్న (శ్రీకాకుళం):
కబడ్డీ వేలం వస్తోందంటే మన సిక్కోల్లో ఒకటే గోల, ‘ఇంకో పెద్ద రైడర్ని (కూతకెళ్లేవాణ్ణి) కొనాల’ అని. స్కోర్‌కార్డు చూసి అసలు లోటెక్కడో పట్టుకోవడం ఎలా అన్నా?

జవాబు (విజయనగరం):
మొత్తం రైడ్ పాయింట్లు చూసి మోసపోకు తమ్ముడూ. అవతలివాళ్లని తాకి తెచ్చే టచ్‌లు, బోనస్ గీత దాటి తెచ్చే బోనస్‌లు విడదియ్యి. అవతల ఆరుగురైనా ఉంటేనే బోనస్. అవతల ఐదుగురికి దిగాక తడబడేవాడు ఆలౌట్ (జట్టంతటినీ బయటికి పంపడం) చెయ్యలేడు, ఆ 2 అదనపు పాయింట్లూ గోవిందా. వరసగా రెండు ఖాళీ రైడ్లయ్యాక డూ ఆర్ డైకి (పాయింటు తేకపోతే రైడరే ఔటయ్యే కూతకి) ఎవరెళ్తున్నారో, ఎన్నిసార్లు దొరికిపోతున్నారో కూడా రాసుకో.

జవాబు:
డిఫెన్స్‌కి స్కోర్‌కార్డు చాలదు, వీడియో చూడాల్సిందే. కార్నర్ (చివర నిలబడే డిఫెండర్) రైడర్ చీలమండ దొరకబుచ్చుకున్నా, సాయం రావాల్సిన కవర్ (మధ్యవైపు నిలబడే డిఫెండర్) ఒక్క అడుగు ఆలస్యమైతే రైడర్ అతన్ని మధ్యగీత దాకా ఈడ్చుకుపోతాడు. విఫలమైన ట్యాకిల్ (పట్టు) కార్నర్ ఖాతాలో పడుతుంది, మార్చాల్సింది మాత్రం కవర్‌ని! సూపర్ ట్యాకిల్స్ ఎక్కువని మురిసిపోకండి. మన డిఫెండర్లు ముగ్గురు, అంతకన్నా తక్కువ మిగిలినప్పుడే అవి వస్తాయి. అంటే జట్టు తరచూ ఆలౌట్ అంచుకి చేరుతోందన్నమాట.

జవాబు (బొబ్బిలి):
డబ్బుల లెక్కా చూడాలి కదేటి. 2023 వేలంలో టైటాన్స్ వాళ్లు రూ.5 కోట్ల పర్సులోంచి (జట్టు ఖర్చు పెట్టగల మొత్తంలోంచి) రైడర్ పవన్ సెహ్రావత్‌కే రూ.2.605 కోట్లు పోశారు. ఆ సీజన్లో జట్టు అట్టడుగున తేలింది. ఆ ధరకి రెండో రైడర్, ఇద్దరు కవర్లు వచ్చేవారని నా లెక్క. ముందు కవర్ జంటని కొనండి, మిగిలినదాంతో రైడర్ని చూడొచ్చు.