జానకమ్మ గొంతుకి రెండు ఆక్టేవులా, నాలుగా?

తీరం_పాటగాడు:
నిన్న సాయంత్రం ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తింటూ మొదలైన గొడవ ఇంకా తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. మా కరోకే బ్యాచ్ వాట్సాప్‌లోకి ఎవరో ఒక చార్ట్ పంపారు. గాయకుల పేర్లు, పక్కన ఎవరి గొంతు ఎన్ని ఆక్టేవులో అంకెలు (ఒక 'స' నుంచి దాని పై 'స' దాకా ఒక ఆక్టేవు). ఎస్. జానకి గారికి నాలుగు వేశారు. నేనూ ఆవిడ పాటలు వింటూ పెరిగినవాణ్ణే, కానీ నాలుగంటే మింగుడుపడలేదు. రెండు, మహా అయితే రెండున్నర అన్నా. అంతే, మావాడొకడు నన్ను దేశద్రోహిని చూసినట్టు చూసి మసాలా పొట్లం పట్టుకుని లేచిపోయాడు. పాడటం తెలిసినవాళ్లు చెప్పండి, నేనన్నదాంట్లో తప్పేంటి? "ఆవిడ దేవత, దేవతని కొలవకూడదు" అనేవాళ్లకి ముందే ఒక దణ్ణం.

గాజువాక_గళం:
ఆ లేచిపోయినవాణ్ణి నేనే. పొట్లం నా డబ్బులతో కొన్నది, అది కూడా రాయాల్సింది గురూ.
సరే. సప్తపదిలో గోవుల్లు తెల్లన పాట విను. 1981 సినిమా, అంటే ఆవిడకి అప్పటికే నలభై దాటాయి. అందులో పిల్లాడి గొంతు ఆవిడదే. బాలుగారి పక్కన నిజంగా ఎవరో గుంటడు నిలబడి ప్రశ్నలు అడుగుతున్నట్టు ఉంటుంది, మా అమ్మయితే ఇప్పటికీ నమ్మదు. అంతకు మూడేళ్ల ముందు పదహారేళ్ళ వయసు సినిమాలో సిరిమల్లె పువ్వా, పల్లెటూరి ఆడపిల్ల గొంతు. ఇంకా వెనక్కి వెళ్తే 1962లో నీ లీల పాడెద దేవా, కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో సమానంగా పరుగు. ఇన్ని గొంతులున్న మనిషికి రెండు ఆక్టేవులేనా? రెండైతే నాకూ ఉంటాయి.

తీరం_పాటగాడు:
నీకు ఒకటే. మొన్న వినాయక చవితికి విన్నాం.

సిరిపురం_ఫిడేలు:
నలభై ఏళ్లుగా ఫిడేలు వాయిస్తున్నాను, పిల్లలకి గాత్రం కూడా చెబుతాను. తగువు తీర్చే ముందు ఒక చిక్కు విప్పాలి. మనవాళ్లు ఎవరినైనా మెచ్చుకుంటే "మూడు స్థాయిల్లోనూ అవలీలగా పాడతారు" అంటారు. స్థాయి అంటే మీ ఆక్టేవే, కిందిది మంద్రం, నడిమిది మధ్య, మీదిది తారం అన్నమాట. కానీ ఆ మూడింటిలో మంద్రమూ తారమూ పూర్తిగా పాడరు, పాడే అవసరమూ రాదు. కచేరీలో సాధారణంగా కింద మంద్ర పంచమం, అంటే మంద్రంలోని 'ప', మీద తార పంచమం. ఇంకొంచెం అటూ ఇటూ. లెక్కేస్తే అది సరిగ్గా రెండు ఆక్టేవులు. "మూడు స్థాయిలు" అన్న మెచ్చుకోలుని ఎవరో "మూడు ఆక్టేవులు" అని రాసుంటారు, మీ వాట్సాప్ దాన్ని నాలుగు చేసింది.
అంకెల్లో కావాలంటే చూడండి. ఐదు శ్రుతిలో పాడే ఆడగొంతుకి ఆధార షడ్జం, అంటే పాటకి మూలమైన 'స', 196 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు). మంద్ర పంచమం 147, తార పంచమం 588. ఒక్కో ఆక్టేవుకి రెట్టింపవుతుంది కాబట్టి 147 నుంచి నాలుగు ఆక్టేవులు పైకెళితే 2352 వస్తుంది. దాన్ని పాట అనరు బాబూ, ఈల అంటారు. మామూలు హార్మోనియం పెట్టెకే ఉండేవి మూడూ మూడున్నర స్థాయిలు, అందులో రెండు చివర్లకి వాయించేవాడి చెయ్యి కూడా పోదు.

గాజువాక_గళం:
మాష్టారూ మీరంటే గౌరవమే, కానీ యాప్ అబద్ధం చెప్పదు కదండీ. ఆ చార్ట్ చేసినవాడు యాప్ పెట్టి కొలిచానని రాశాడు.

ఉక్కునగరం_ఓల్టు:
యాప్ అబద్ధం చెప్పదు, అడిగినదానికి కాకుండా ఇంకోదానికి జవాబు చెబుతుంది. నేను కూడా కూర్చుని చేశాను ఈ పని, నైట్ షిఫ్ట్ దిగొచ్చి నిద్రపట్టక. వాద్యాలతో సహా ఉన్న పాట పెడితే యాప్ చాలాసార్లు వయొలిన్‌నో ఫ్లూట్‌నో పట్టుకుంటుంది. గొంతు ఒక్కటే ఉన్నచోట కూడా అసలు స్వరాన్ని వదిలేసి, దానిమీద పలికే రెట్టింపు కంపనాన్ని పట్టుకుని, ఒక ఆక్టేవు పైన చూపిస్తుంది. అలాంటి పొరపాటు మీద ఒకటి, కింద ఒకటి జరిగితే చాలు, మన రెండు కాస్తా నాలుగు అయిపోతాయి.
రెండోది, పాట ఎక్కడినుంచి తీసుకున్నాడు? ఒకే పాట రెండు అప్‌లోడ్లు పక్కపక్కన పెట్టి విన్నాను, శ్రుతి కలవలేదు. ఎందుకంటే సినిమా రీలు సెకనుకి 24 ఫ్రేములు, మన పాత టీవీ పద్ధతిలో 25. చాలాచోట్ల రీలునే కొంచెం వేగంగా తిప్పి టీవీకి ఎక్కించేవారు. వేగం 4 శాతం పెరుగుతుంది, దాంతోపాటు గొంతూ పైకి లేస్తుంది. 6 శాతం పెరిగితే పూర్తి అర శ్రుతి (హార్మోనియం మీద పక్క మెట్టు), అంటే 4 శాతానికి అందులో దాదాపు మూడింట రెండొంతులు. క్యాసెట్ నుంచి తీసినవైతే ఆ టేప్‌రికార్డర్ మోటారు ఆరోజు ఎలా తిరిగిందో ఆ దేవుడికే తెలియాలి. మేం చిన్నప్పుడు పెన్సిల్ పెట్టి తిప్పిన క్యాసెట్లలో జానకమ్మ ఒక్కోసారి మగాడిలా పాడేది.

విజయనగరం_వీణ:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. రేంజ్ గురించి మాట్లాడుతూ సుశీలమ్మ పేరెత్తకపోవడం ఏం బాగోలేదు. మా ఊరి ఆడపడుచు, మా మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్న మనిషి. 17,695 పాటలకి 2016లో గిన్నిస్ వాళ్లు గుర్తించారు. ఆవిడ తారస్థాయికి వెళితే వెళ్లినట్టే తెలీదు.

తీరం_పాటగాడు:
అక్కా, సుశీలమ్మకి వేరే థ్రెడ్ పెడదాం, నేనే పెడతా. పాటల సంఖ్యకీ రేంజ్‌కీ సంబంధం లేదు, ఇక్కడ మొదలెడితే తెల్లారిపోతుంది.

ఎంవీపీ_సరిగమ:
మీరంతా మీద ఎంతవరకు వెళ్తుందా అని చూస్తున్నారు. పాడి చెడిన మనిషిని, నా మాట వినండి.
రెండేళ్ల కిందట మా అపార్ట్‌మెంట్ ఫంక్షన్‌లో వెన్నెల్లో గోదారి అందం పాడతానని పేరిచ్చాను. సితార పాట, 1984, ఆవిడకి జాతీయ అవార్డు తెచ్చింది. అరుపులు లేవు, నెమ్మదిగా నడిచే పాట, మనకి సరిపోతుందిలే అనుకున్నా. ఇంట్లో వంట చేస్తూ పాడితే బ్రహ్మాండంగా వచ్చింది. రిహార్సల్‌లో ఒరిజినల్ శ్రుతి పెట్టారు. పల్లవి గట్టెక్కాను, చరణంలో మీదికి ఎక్కాల్సిన చోట మెడ నరాలు తేలాయి. కీబోర్డు అబ్బాయి మంచివాడు, "అర శ్రుతి దించమంటారా మేడమ్" అన్నాడు. దించాడు. ఇంకో అర దించాడు. ఇప్పుడు మీద హాయిగా వస్తోంది, కింద గాలి తప్ప గొంతు లేదు! మైకు పెదాలకి ఆనించుకుని గొణిగితే సౌండతను ఫేడర్ పైకి తోశాడు, స్పీకరు కుయ్యిమంది. చివరికి ఆ పాట మానేసి భజన పాడి దిగిపోయా.
అప్పుడు తెలిసింది నాకు. ఆ పాటకి కావాల్సిన స్వరాలు నాకూ ఉన్నాయి, విడివిడిగా హార్మోనియం మీద పెడితే అన్నీ అందుకుంటా. కాకపోతే నావి కింద నాలుగు గాలి, మీద మూడు కేక, మధ్యలో ఉన్నవే పాట. ఆవిడకి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఒకే చిక్కదనం, ఏడుపు కూడా అందులోనే. దాన్ని ఏ ఆక్టేవుల్లో రాస్తారు?

సిరిపురం_ఫిడేలు:
అమ్మా, మీరు చెప్పింది నేను క్లాసులో గంటసేపు చెప్పినా పిల్లలకి ఎక్కదు. మా లెక్కలో కేక వేసి అందుకున్నది, దొంగగొంతుతో తాకి వదిలేసింది రేంజ్ కిందికి రాదు. గమకం పట్టి, అంటే స్వరాన్ని ఊపి పలుకుతూ, నిలబడగలిగినంతవరకే.

గాజువాక_గళం:
మరి పిల్లాడి గొంతు సంగతి ఎవరూ చెప్పరేం? అది పైస్థాయే కదా?

సిరిపురం_ఫిడేలు:
పైస్థాయి కాదు, అక్కడే అందరూ పొరబడతారు. స్వరం ఎత్తు గొంతులోని తంత్రుల కంపనం వల్ల వస్తుంది, గొంతు రంగు మాత్రం కంఠం, నోరు లోపల ఉన్న ఖాళీ ఆకారం వల్ల. పిల్లలకి ఆ ఖాళీ చిన్నది, అందుకే అదే స్వరం పాడినా సన్నగా, పాలబుగ్గల మాటలా వినిపిస్తుంది. పెద్దవాళ్లు కంఠం కొంచెం పైకెత్తి, నోరు తక్కువ తెరిచి, మాటల్ని ముద్దుగా కొరికి పలికితే పిల్లాడొస్తాడు, స్వరం మారక్కర్లేదు. నమ్మకపోతే ఆ పాటలో పిల్లాడి లైను మీ మామూలు గొంతుతో పాడి చూడండి. నేను మా పిల్లలచేత పాడించాను, పెద్దవాళ్లు కూడా ఇబ్బంది లేకుండా పాడేస్తారు. పాడేస్తారు, కానీ పిల్లాడు మాత్రం రాడు.

గాజువాక_గళం:
పాడి చూశా. మా ఆవిడ వచ్చి గొంతు బాలేదా, మిరియాల పాలు కలపనా అంది.
సరే మాష్టారూ, పిల్లాడి గొంతుని ఆక్టేవుల్లోంచి తీసేస్తున్నా. నాదస్వరం పాటని తియ్యను. అక్కడ చివరి స్వరాల దగ్గర కనీసం తార పంచమం దాటుంటుందని నా నమ్మకం, వీడు ఒప్పుకుని తీరాలి.

తీరం_పాటగాడు:
దాటిందో లేదో కొలిస్తే సరిపోతుంది, కానీ ఓల్టు అన్న చెప్పాక యూట్యూబ్ మీద నమ్మకం పోయింది. మా నాన్నగారి గ్రామఫోన్ రికార్డుల పెట్టెలో చిన్న సైజు 45 స్పీడువి ఓ ముప్ఫై ఉన్నాయి, అందులో ఈ పాట ఉందని అమ్మ అంటోంది. ప్లేయర్ కూడా ఉంది, రబ్బరు బెల్టు పోయింది. పూర్ణా మార్కెట్ వైపు గానీ జగదాంబ దగ్గర గానీ అలాంటివి బాగుచేసేవాళ్లు ఎవరైనా మిగిలారా? ఆదివారం మా ఇంట్లో పెడదాం. గాజువాక నుంచి వచ్చేవాడు మసాలా తేవాలి.

ఉక్కునగరం_ఓల్టు:
నేనూ వస్తా. కొత్త బెల్టు వదులుగా ఉంటే ప్లేటు మెల్లగా తిరిగి ఆవిడ శ్రుతి దిగుతుంది, వీడు గెలిచాననుకుంటాడు. ప్లేటు అంచున చుక్కలు ఉన్నాయేమో చూడు, ట్యూబ్‌లైట్ వెలుగులో అవి కదలకుండా నిలబడినట్టు కనిపిస్తే స్పీడు కరెక్టు. పాత చోక్ ట్యూబ్‌లైట్ అయితేనే, ఎల్ఈడీ కాదు. మీ ఇంట్లో ఉందా, నన్ను పట్టుకురమ్మంటావా?