కౌలాలంపూర్‌లో అమ్మను ఏ టవర్ ఎక్కించాలి? పైన భోజనం అవసరమా?

వంశధార (పర్లాకిమిడి)
అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో మలేషియా వెళ్తున్నాం. 2024 ఏప్రిల్‌లో విశాఖ నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా విమానం మళ్లీ మొదలైనప్పటి నుంచి అనుకుంటున్న ప్రయాణమే. అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు, నేను. అమ్మకు మోకాళ్ల నొప్పులు. అమ్మ తండ్రి, మా తాతగారు, వయసులో ఉండగా అప్పటి మలయా కొబ్బరి తోటల్లో పనిచేసి తిరిగి వచ్చారు కాబట్టి ఆ దేశం పేరు మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ వింటున్నదే.
టవర్‌కు ఒక్క సాయంత్రమే ఉంది. కేఎల్ (కౌలాలంపూర్) టవరా, పెట్రోనాస్ జంట టవర్లా? కేఎల్ టవర్ పైన తిరిగే రెస్టారెంట్‌లో రాత్రి భోజనం చేయాల్సిందేనని మా బావమరిది పట్టుబడుతున్నాడు. ఐదుగురికి ఖర్చు బాగానే అవుతుంది. తెలిసినవారు చెప్పండి.

కాశీనగరం
ఏదీ ఎక్కనవసరం లేదు. ఆ ఊళ్లో చాలా ఏళ్లు ఉన్నవాడిగా చెబుతున్నాను. జంట టవర్ల కింద పెద్ద పార్కు ఉంది, చీకటి పడ్డాక అక్కడి చెరువులో రంగుల ఫౌంటెన్లు ఆడతాయి, అంతా ఉచితం. అమ్మగారు బల్ల మీద హాయిగా కూర్చుని చూస్తారు. టవర్ అందం కింద నుంచి చూస్తేనే తెలుస్తుంది.

బరంపురం మాస్టారు
వంశధార గారూ, అంత దూరం వెళ్లి కింద నుంచి చూసి రావద్దు. కేఎల్ టవరే ఎక్కండి. పెట్రోనాస్ ఎక్కితే పెట్రోనాస్ కనిపించదు. ఆ ఊరికి గుర్తు ఆ రెండు గోపురాలే కదా, వాటిని ఎదురుగా, దాదాపు కళ్ల ఎత్తులో చూడాలంటే కేఎల్ టవరే దారి. మెర్డెకా 118 కూడా అక్కడి నుంచి కనిపిస్తుంది. 678.9 మీటర్లు, బుర్జ్ ఖలీఫా తరువాత ప్రపంచంలో అదే ఎత్తైన భవనం.
పెట్రోనాస్‌లో సందర్శకులను గుంపులుగా, గడియారం చూసి నడిపిస్తారు. 41, 42 అంతస్తుల దగ్గర రెండు టవర్లను కలిపే వంతెన మీద కొంతసేపు, 86వ అంతస్తులో కొంతసేపు. సోమవారం మూసివేస్తారు. పెద్దావిడను అలా తరుముతూ తీసుకువెళ్లడం కష్టం. 1996లో తెరిచిన కేఎల్ టవర్ 421 మీటర్లు. అక్కడ మన తీరికన నిలబడవచ్చు. కొండ కింద నుంచి ప్రవేశద్వారం దాకా వాహనం ఉంటుంది, ఆపైన లిఫ్టు. పిల్లలకైతే పై డెక్ నుంచి బయటికి పొడుచుకు వచ్చిన గాజు పెట్టె ఉంది, కాళ్ల కింద ఊరంతా కనిపిస్తుంది.
పైన భోజనం కూడా చేయండి. ఇది నా గట్టి అభిప్రాయం.

కాశీనగరం
421 అన్నది యాంటెన్నా కొస వరకు లెక్క మాస్టారూ. జనాన్ని నిలబెట్టే అంతస్తు 276 మీటర్ల దగ్గర. బయట గాలి తగిలే డెక్ ఇంకొంచెం పైన, సుమారు 300. మీరు 421 అని రాస్తే చదివేవాళ్లు అంత ఎత్తున నిలబడతామనుకుంటారు.

బరంపురం మాస్టారు
టవర్ ఎత్తు రాశాను, మనిషి నిలబడే ఎత్తు రాయలేదు. అయినా ఆ టవర్ బుకిట్ నానాస్ అనే కొండ మీద ఉంది. కొండ ఎత్తు కూడా కలుస్తుంది.

కాశీనగరం
కొండ ఎత్తును టవర్ ఎత్తులో కలపకూడదు. అలా కలిపితే మన దేవమాలి కొండ మీద నిచ్చెన వేసి నిలబడ్డవాడు అందరికంటే ఎత్తున ఉంటాడు. ఎత్తే కావాలంటే జంట టవర్లు 452 మీటర్లు, 86వ అంతస్తు దాకా తీసుకువెళ్తారు.

మహేంద్రగిరి
1501 మీటర్ల మహేంద్రగిరి కొండ మన గజపతి జిల్లాలోనే ఉంది. మబ్బు లేని రోజు సముద్రం కనిపిస్తుంది. టికెట్ లేదు.

వంశధార
మహేంద్రగిరి గారూ, మోకాళ్ల సంగతి రాశాను కదండీ.

రాయగడ వంటిల్లు
ఎత్తుల సంగతి మగవాళ్లు తేల్చుకోండి, నేను తిండి గురించి చెబుతాను. అమ్మగారు శాకాహారులా? అయితే ముందుగా డబ్బు కట్టే బఫేల జోలికి వెళ్లవద్దు. మేము వేరొక దేశంలో ఇలాంటి టవర్ పైనే భోజనానికి డబ్బు కట్టి వెళ్లాం. మా అత్తగారికి ఉడికించిన క్యారెట్లు, రొట్టె, పళ్లముక్కలు దొరికాయి. అన్నం ఉంది, కానీ కలుపుకోవడానికి మాంసం లేని పులుసు ఒక్కటీ లేదు. బిల్లు మాత్రం అందరితో సమానం. ఆవిడ నోరు తెరిచి ఏమీ అనలేదు, నాకే ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. కౌలాలంపూర్‌లో బ్రిక్‌ఫీల్డ్స్ అనే పేట ఉంది, అరటాకులో సాంబారు, కూర, అప్పడం వడ్డిస్తారు. అక్కడ తినండి.

బరంపురం మాస్టారు
అమ్మా, మీకు ఒకచోట జరిగినదానికి ప్రపంచంలోని టవర్లన్నీ బాధ్యత వహించాలా? ముందుగా ఫోన్ చేసి శాకాహారం ఏముందో అడిగి ఖాయం చేసుకోవచ్చు.

రాయగడ వంటిల్లు
మేమూ అడిగాం మాస్టారూ. ఉందనే చెప్పారు.

గుణుపురం
రెండు మాటలు. కౌలాలంపూర్‌లో మధ్యాహ్నం తరువాత వాన, ఉరుములు మామూలే. వాన పడితే పై డెక్ మూసేస్తారు. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు కొన్ని సంవత్సరాల్లో ఇండోనేషియా అడవుల మంటల పొగ ఊరంతా కమ్ముతుంది. ముందే టికెట్ కొనకండి, ఆరోజు ఆకాశం చూసి కొనండి.

కాశీనగరం
నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే. పొగ, వాన, తినలేని తిండి, 276 మీటర్లు. దీనికా అంత డబ్బు?

బరంపురం మాస్టారు
అయ్యా, ఒక్క ప్రశ్న. ఇంతకీ మీరు ఆ టవర్ ఎక్కారా? ప్రతి జవాబులోనూ వద్దు, దండగ అంటున్నారు గానీ పైన ఇది చూశాను అని ఒక్క ముక్క రాయలేదు. ఎక్కనివాళ్లు ఎక్కేవాళ్లకు అడ్డుపడటం ఏం న్యాయం?

కాశీనగరం
ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో వినండి.
నేను అక్కడ ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. పొడుగు భవనాల్లో వైర్లు లాగాను. మా పాస్‌పోర్టులు కాంట్రాక్టరు బీరువాలో ఉండేవి. ఆదివారం ఒక్కటే సెలవు. మేముండే గది కిటికీలోంచి ఆ టవర్ రోజూ కనిపించేది. టికెట్ డబ్బుతో మా ఇంట్లో కొన్ని రోజులు కూరగాయలు వస్తాయని లెక్క వేసుకుని మానేసేవాడిని. పైనుంచి చూసేవాళ్లకు దీపాలు కనిపిస్తాయి. ఆ దీపాలకు తీగ లాగినవాడు కనిపించడు. మన పర్లాకిమిడి, టెక్కలి, ఇచ్ఛాపురం వైపు వాళ్లు ఎంతమంది ఆ దేశంలో చెమట ధారపోశారో మాస్టారు గారికి తెలియనిది కాదు. 1938లో ఇండియాలోని బ్రిటిషు ప్రభుత్వం కూలీల వలస ఆపేదాకా కంగాణీలు, అంటే కూలీలను కుదిర్చే మేస్త్రీలు, ఊళ్లకు ఊళ్లు తరలించారు.
వంశధార తమ్ముడూ, మీ తాతగారు కొబ్బరి తోటల్లో పనిచేశారని రాశావు. అంటే బహుశా పేరాక్ రాష్ట్రంలో బాగన్ దాతో (ఇప్పుడు బాగన్ దాతుక్ అంటారు) వైపు. అక్కడ ఈనాటికీ తెలుగు కుటుంబాలున్నాయి. టవర్ డబ్బు కారుకు పెట్టి అమ్మను అక్కడికి తీసుకువెళ్లు. ఆవిడ తండ్రి నడిచిన నేల చూపించు. అంతకంటే చూడాల్సింది ఆ దేశంలో ఇంకేముంది?

బరంపురం మాస్టారు
మీ కష్టానికి నేను తలవంచుతాను. మీ పాస్‌పోర్టు దాచినవాడిది దుర్మార్గం. కానీ దాన్ని ఆ పెద్దావిడ సాయంత్రం మీద ఎందుకు మోపుతున్నారు? ప్రతి ప్రయాణాన్నీ తద్దినం చేయకండి!
మా ఆవిడ సంగతి చెబుతాను. బరంపురంలో ముప్ఫై ఏళ్లకు పైగా నా జీతంతో ఇల్లు నడిపింది. ఎక్కడికి వెళ్లినా పులిహోర, పెరుగన్నం కట్టుకునే వెళ్లాం. హోటల్ గుమ్మం దగ్గర ధరల పట్టీ చదివి వెనక్కి తిరిగేది. విశాఖ వెళ్తే కైలాసగిరి మీద తీగబండి ఎక్కుదామన్నాను. పిల్లల ఫీజులు కట్టాక చూద్దాం అంది. ఫీజులు కట్టాం, పెళ్లిళ్లు చేశాం, ఆ తరువాత ఆమె లేదు. ఒక ఆడమనిషి జన్మంతా ఇంటికి ఖర్చు పెట్టాక ఒక్క పూట ఏ కారణమూ లేకుండా ఎత్తున కూర్చుని, ఎవరో వడ్డిస్తే తింటూ, ఊరు చూడకూడదా? అందులోనూ చరిత్ర పాఠం ఉండాలా? అందుకే భోజనం చేయమన్నాను. 421 అయితే నాకేమిటి, 276 అయితే నాకేమిటి!

కాశీనగరం
చూడకూడదని నేను అనలేదు. మనవాళ్ల కష్టం మరిచిపోయి చూడవద్దన్నాను.

బరంపురం మాస్టారు
మరిచిపోవడం కూడా ఆవిడ హక్కే.

జయపురం
ఇద్దరూ పెద్దవాళ్లు. అమ్మగారిని ఎవరైనా అడిగారా?

నిర్వాహకులు
మాటలు టవర్ మీదికి తిప్పండి. వ్యక్తిగతంగా వెళ్లవద్దని మనవి.

వంశధార
జయపురం గారు అన్నాక అమ్మను కూర్చోబెట్టి అన్నీ చదివి వినిపించాను. తోటకు వెళ్దామా అంటే వద్దంది. "మా నాన్న ఆ తోట పేరెత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. ఆయన తప్పించుకుని వచ్చిన చోటుకు నేను వెతుక్కుంటూ వెళ్లనా?" అంది. దీపాలు మాత్రం చూస్తానంది. ఆ దేశంలో రాత్రి ఎలా ఉంటుందో తాతగారు ఎప్పుడూ చెప్పలేదట, సాయంత్రానికే లైన్లలో, అంటే కూలీల వరుస గదుల్లో, పడుకునేవారట. కాశీనగరం అన్నయ్య లాగిన వైర్లు ఏ భవనంలో ఉన్నాయో అడిగి రాసుకోమంది.
టవర్ ఎక్కడం ఖాయం. భోజనం సంగతి ఇంకా తేలలేదు, పొద్దుపోయాక తినదు.

కాశీనగరం
అమ్మగారి మాట మీద నాకు మాట లేదు. భవనాల పేర్లు విడిగా పంపుతాను, జంట టవర్లకు తూర్పున ఉన్నవి రెండు చాలు. అక్కడ సూర్యాస్తమయం ఏడు గంటల ప్రాంతంలో, అక్కడి గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు ముందు. ఆరున్నరకు పైకి చేరండి, వెలుతురూ చూస్తారు, దీపాలు వెలగడమూ చూస్తారు. టవర్ కట్టేటప్పుడు నూరేళ్లు దాటిన జెలుటాంగ్ చెట్టును నరకకుండా చుట్టూ గోడ కట్టి కాపాడారు, అది దిగాక చూపించండి. భోజనానికి మాత్రం నేను ఒప్పుకోను.

బరంపురం మాస్టారు
పొద్దుపోయాక తినకపోతే టీ వేళకు వెళ్లండి. బల్ల కిటికీ పక్కన కావాలని ముందే చెప్పండి, లోపలి వరుసలో కూర్చుంటే తిరిగినా ఏమీ కనబడదు.

రాయగడ వంటిల్లు
టీకైనా శాకాహారం ఏముందో రాతలో తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పింది నమ్మకండి.