సమస్యాపూరణం: ప్రాణదాతఁ దిన్న ప్రాణి బ్రతికె

నిర్వాహకులు: ఆక్సిజన్ కొరవడినప్పుడు కణం తనకు శక్తిని పుట్టించే మైటోకాండ్రియాను తానే జీర్ణం చేసుకొంటుందని చదువుతుండగా ఈ పాదం తోచింది. పరశురాముడినీ కంసుడినీ ఈసారికి విడిచిపెట్టి, పూరణమంతా ఆ జీర్ణక్రియ అయిన మైటోఫజీ మీదనే సాగించవలసిందిగా మనవి.

గోదారిగట్టు:

గాలి లేని వేళఁ గక్కును విషమని
కణము తనదు కొలిమిఁ గఱచి మ్రింగె;
నన్నదాత యనెడి యాలోచనము లేదు
ప్రాణదాతఁ దిన్న ప్రాణి బ్రతికె

కంకణం: గట్టుగారి ధార ఎప్పటివలెనే బాగున్నది, తొందర కూడా ఎప్పటివలెనే ఉన్నది. ‘లేని’ అన్న రెండక్షరాల దగ్గర పద్యం శాస్త్రానికి దూరమైంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు మైటోకాండ్రియా లోపలి శ్వాసశృంఖలంలో ఎలక్ట్రాన్లు ముందుకు కదలలేక నిలిచిపోయి, మిగిలి ఉన్న కొద్దిపాటి ఆక్సిజన్ మీదికే జారి దానిని సూపరాక్సైడ్‌గా మారుస్తాయి. వారు చెప్పిన విషం అదే. గాలి బొత్తిగా లేకపోతే ఆ విషం పుట్టడానికి ముడిసరుకే ఉండదు. ‘గాలి కొఱఁతఁ బడినఁ గక్కును విషమని’ అంటే గణమూ నిలుస్తుంది, నిజమూ నిలుస్తుంది.

నిర్వాహకులు: సవరణను స్వీకరిస్తున్నాము. ‘కొలిమి’ మాత్రం కదలకూడదు.

కంకణం: ఇక నా పూరణం.

ముద్ర చెఱిపినంత ముసలి యంగకమునుఁ
బొరలు రెండు గల్గు పొట్లమందుఁ
గడుపులోనఁ బెట్టి కణ మది కరఁగించి
ప్రాణదాతఁ దిన్న ప్రాణి బ్రతికె

‘ముద్ర’ అంటే ఫాస్ఫేటు. మైటోకాండ్రియా వెలిపొరలో ఉండే ఫండ్‌సి1 అనే ప్రొటీనుకు మామూలు వేళల్లో ఆ ముద్ర ఉంటుంది కనుక, పొట్లం కట్టే మరో ప్రొటీను ఎల్‌సి3 దానిని గట్టిగా పట్టుకోలేదు. ఆక్సిజన్ తగ్గగానే ముద్ర చెరిగి, పట్టు దొరుకుతుంది. ఈ సంగతి 2012లో వెలువడింది.

పాతకాపు: కంకణంగారి మూడవ పాదానికి నా వందనాలు. బిడ్డను కడుపులో పెట్టుకొని చూసుకోవడమన్న మన మాటను, కణంలో జీర్ణం చేసే సంచి అయిన లైసోసోముకు తగిలించి, ఆదరణనూ ఆరగింపునూ ఒకే క్రియలో ఇమిడ్చారు. ఈ విరుపు ఒక్కటి చాలు, తక్కిన పద్యాన్ని నేను మరొకసారి చదవను.

గోదారిగట్టు: చదివితే మంచిది, ఎందుకంటే మొదటి పాదంలో ‘ముసలి’ యతి కోసం వచ్చిన వృద్ధుడే తప్ప శాస్త్రం పంపినవాడు కాడు. చెడిపోయి, పొరలో విద్యుద్భేదం పడిపోయిన మైటోకాండ్రియాను ఏరి తీసే పని పింక్1, పార్కిన్ అనే ప్రొటీను‌లది. ఊపిరి కొరతలో నడిచే దారి వేరు: ఆక్సిజన్ తగ్గినప్పుడు జన్యువులను నడిపే ప్రొటీను హిఫ్-1 నిలదొక్కుకొని, ప్రొటీన్లైన బి.ఎన్.ఐ.పి.3నూ నిక్స్‌నూ ఎక్కువగా చేయిస్తుంది, అవి వెలిపొర మీద నిలిచి ఎల్‌సి3ని నేరుగా పిలుస్తాయి, కాబట్టి బాగా పనిచేస్తున్న మైటోకాండ్రియాకు కూడా పిలుపు తప్పదు. ఇతరుల రెండక్షరాలను తూచేవారు తమ మూడక్షరాలను కూడా తూచుకోవాలి.

నిర్వాహకులు: ‘ముద్ర చెఱిపినంత మూలశక్తిగృహము’ అంటే వయసు బెడద వదులుతుంది.

పాతకాపు: నిక్స్ పేరు వచ్చింది కనుక, గట్టుగారు కిందటిసారి ఎర్రరక్తకణం మీద చెప్పిన పాదం గుర్తుకు వస్తున్నది: ‘మోయువాఁడు తినక మోసెను గాలిని’. ఇప్పటి ‘అన్నదాత’ కంటె అది ఎన్నో మెట్లు పైన ఉన్నదని నా అభిప్రాయం.

కంకణం: పాదం గొప్పదే, కాని ఆ కణం మైటోకాండ్రియాను వదులుకొన్నది కొరత వలన కాదు, ఎదుగుదలలో భాగంగా. పనివాడు నిక్స్ ఒక్కడే అయినంత మాత్రాన రెండు సందర్భాలూ ఒకటి కావని అప్పుడే అన్నాను, అప్పుడు ఎవరూ వినలేదు.

గోదారిగట్టు: విన్నాము, యతి తప్పలేదు కనుక ఊరుకొన్నాము. అసలు ‘బ్రతికె’ అన్న క్రియకు మీ పద్యంలో ఆధారమెక్కడ? పొట్లం కట్టారు, కరిగించారు, బ్రతకడానికి కారణం చెప్పలేదు. ఒక్క శాతం ఆక్సిజన్‌లో ఉంచిన ఎలుక పిండకణాలలో హిఫ్-1 లేనివి ఆ విషం పెరిగి చనిపోయాయనీ, ఉన్నవి మైటోకాండ్రియాను తగ్గించుకొని నిలిచాయనీ శాస్త్రవేత్త సెమెంజా బృందం 2008లోనే చూపింది. నా మొదటి పాదంలోని ‘విషమని’ ఆ కారణమే.

కంకణం: ఆ పాదాన్ని నేను సవరించిన తరువాత.

నిర్వాహకులు: 2019 నోబెల్ బహుమతిలో పాలుపంచుకొన్న సెమెంజా పేరు వచ్చింది కాని, ఆయనకు ఆ గౌరవం తెచ్చిన హిఫ్ మాత్రం రెండు పద్యాలలోనూ లేదు. ఆక్సిజన్ ఉన్నంతసేపు గుర్తు పడి నశించేదీ, అది తగ్గగానే బ్రతికి మైటోకాండ్రియా చావుకు ఆజ్ఞ ఇచ్చేదీ అదే కనుక, ఈ సమస్యకు దానికంటె తగిన నాయకుడు లేడు. ఆ పేరును గణభంగం లేకుండా ఇమిడ్చిన పూరణం వచ్చేవరకు ఫలితం ప్రకటించము.