బెంగళూరు నుంచి ఢిల్లీకి నదుల వెంట: కుక్కతో బయలుదేరే మీకు

సోదరి గారికి నమస్కారం.

బెంగళూరు వచ్చి రెండు నెలలైనా కాలేదనీ, ఫిబ్రవరిలో మీ నాటు కుక్కను వెంటబెట్టుకుని 44వ నంబరు జాతీయ రహదారి మీద, దారిలో తగిలే నదులన్నీ చూసుకుంటూ ఢిల్లీ దాకా కారులో వెళ్లాలనుకుంటున్నామనీ రాశారు. మూడేళ్ల క్రితం మేమూ మా కుక్క గౌరిని తీసుకుని ఇదే దారిన వెళ్లాము కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

నదులను వరుసగా చూడాలన్న మీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. నంది కొండల దగ్గర పుట్టిన పెన్న పామిడిలో మళ్లీ ఎదురవుతుంది. ఆ తరువాత కర్నూలులో తుంగభద్ర, బీచుపల్లిలో కృష్ణ, నిర్మల్‌కు ముందు సోన్ వద్ద గోదావరి, ఆదిలాబాద్ దాటాక పెన్‌గంగ, వార్ధా వస్తాయి. వీటన్నిటి నీళ్లూ చివరకు బంగాళాఖాతానికే చేరతాయి. మధ్యప్రదేశ్‌లో బర్మాన్ దగ్గర దాటే నర్మద మాత్రం పడమటికి పారి అరేబియా సముద్రంలో కలుస్తుంది. మొరేనా, ధోల్‌పూర్‌ల నడుమ వచ్చే చంబల్ నీళ్లు యమున ద్వారా గంగలోకి వెళతాయి.

అయితే ఒడ్డున ఎంతసేపు కూర్చున్నా సరే, కుక్కను మాత్రం నీళ్లలోకి వదలకండి. చంబల్ అభయారణ్యంలో ఘరియళ్లతో (సన్నని పొడవాటి మూతి ఉండే మొసళ్లతో) పాటు మామూలు మొసళ్లు కూడా ఉన్నాయి. నర్మదలోనూ మొసళ్లు ఉన్నాయి. మిగిలిన చోట్ల ఎలుకల మూత్రం కలిసిన మడుగు నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జబ్బు సోకే ప్రమాదం ఉంటుంది. తాగడానికి ఇంటి నుంచి పట్టుకెళ్లిన నీళ్లే పోయండి, మెడ పట్టీకి తాడు ఎప్పుడూ కట్టే ఉంచండి.

బయలుదేరడానికి నెల ముందే పశువైద్యుడికి చూపించి, రేబిస్ టీకాతో పాటు డిస్టెంపర్, లెప్టో టీకాలు కూడా వేయించి, ఆ టీకాల పుస్తకాన్ని కారులోనే పెట్టుకోండి. డిస్టెంపర్ అంటే కుక్కలకు వచ్చే ఒక వైరస్ జబ్బు. దాని విషయం ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది: 2018లో గిర్ అడవిలో ఆ వైరస్ సోకి సింహాలు చనిపోయాయి, అది పులులకూ సోకుతుంది. నాగపూర్ దాటాక మన రహదారి పెంచ్ పులుల అడవి గుండా వెళుతుంది. జంతువులు కింద నుంచి దాటిపోయేందుకు అక్కడ రోడ్డును వంతెనల మీదుగా వేశారు. ఆ భాగంలో కుక్కను దింపడానికి ఎక్కడా ఆగవద్దు.

మొత్తం దూరం సుమారు 2,100 కిలోమీటర్లు. రోజుకు 350కి మించకుండా ఆరు రోజులకు పంచుకుని, తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదిరే లోగా ఆ రోజు దూరంలో ఎక్కువ భాగం పూర్తి చేసుకోండి. కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు, నాలుక చాపి రొప్పడమే దానికి ప్రధానమైన ఆధారం. అందువల్ల టీ తాగి వచ్చే ఐదు నిమిషాలకైనా సరే, అద్దాలు కాస్త దించి ఉంచినా సరే, దానిని కారులో ఒంటరిగా వదిలి వెళ్లకండి. బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి దగ్గర మేము వంతుల వారీగా దర్శనం చేసుకున్నాము. తాజ్‌మహల్‌లోకి కూడా పెంపుడు జంతువులను రానివ్వరు కాబట్టి అక్కడా అదే పద్ధతి పాటించాలి. తారు రోడ్డు మీద దింపే ముందు అరచేతి వెనుక భాగాన్ని ఐదు సెకన్లు ఆనించి చూడండి. మీ చేయి తట్టుకోలేకపోతే దాని పాదాలూ తట్టుకోలేవు.

బస విషయంలో మేము చాలా బాధపడ్డాము. నాగపూర్‌లో ఒక చోట ఫోనులో సరేనని చెప్పి, రాత్రి పది గంటలకు తలుపు దగ్గరకు వెళ్లాక కుక్క ఉంటే గది ఇవ్వమన్నారు. పొద్దుటి నుంచి ప్రయాణం చేసి అలసిన గౌరిని పక్కన నిలబెట్టుకుని రోడ్డు మీద ఇంకో గది కోసం వెతికిన ఆ గంట నేను మరిచిపోలేను. మీరు మాత్రం కుక్క బరువు, వయసు రాసి, అనుమతిస్తున్నట్టు సందేశం రూపంలో జవాబు తెప్పించుకున్న తరువాతే డబ్బు కట్టండి.

కారు అలవాటు లేని కుక్క మొదట్లో వాంతి చేసుకుంటుంది. ఈ నెలలోనే రెండు మూడు ఆదివారాలు దేవనహళ్లి దాకా, ఆ తరువాత నంది కొండల దిగువ దాకా తీసుకెళ్లి అలవాటు చేయండి. బయలుదేరే మూడు గంటల ముందే తిండి పెట్టేయాలి, వెనుక సీటులో హార్నెస్‌ను (ఛాతీ చుట్టూ కట్టే పట్టీని) సీటు బెల్టుకు తగిలించాలి. రాత్రి గదికి చేరగానే చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులున్నాయేమో వెతికి తీసేయండి.

మీ తేదీలు ఖాయమయ్యాక రాయండి. కర్నూలులోనూ మధ్యప్రదేశ్‌లోని సాగర్‌లోనూ గౌరిని ఆదరంగా రానిచ్చిన బసల వివరాలు పంపిస్తాను.