మామూలు రోజులు ఎందుకింత చప్పగా అనిపిస్తాయి?

అందరికీ నమస్కారం. మాది హన్మకొండ. నాకో విచిత్రమైన బాధ ఉంది, నవ్వకండి. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర కోసం నెలల ముందు నుంచే రోజులు లెక్కపెడతాను. జంపన్నవాగులో స్నానం, బంగారం (బెల్లమే లెండి, మేము అలాగే అంటాం) మోసుకుంటూ గద్దెల దాకా నడక... ఆ నాలుగు రోజులు ఒంట్లో కొత్త రక్తం ఎక్కినట్టుంటుంది. ఇంటికొచ్చాక అంతా చప్పగా.

1163లో కట్టిన వేయిస్తంభాల గుడి ముందు నుంచే రోజూ డ్యూటీకి పోతాను. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి ఫొటోలు దిగుతుంటే, నేను ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ ఉంటాను. మొన్న అమ్మ సర్వపిండి చేసింది. పల్లీలు, నువ్వులు, అంచులు కరకరలాడుతూ. ఫోన్ చూస్తూ తినేశా. "ఉప్పు సరిపోయిందా బిడ్డా?" అంటే చెప్పలేకపోయా. అప్పటి నుంచి మనసు అదోలా ఉంది.

డైరీ రాయమని ఒక దోస్తు చెప్పాడు. మూడు రోజులు రాసి వదిలేశా, హోంవర్క్‌లా అనిపించింది. సాయంత్రం ఫోన్ ఇంట్లో పెట్టి భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తున్నా, అది కొంచెం నయం.

మీలో ఎవరికైనా ఇలాగే ఉండి మారిందా? ఏం చేశారు? ఎన్నాళ్లు పట్టింది?