6061–304 ఫ్రిక్షన్ వెల్డ్: ఫ్లాష్ బాగుంది, బెండ్‌లో ఊడొస్తోంది

చక్‌కీ:
20 ఎంఎం రాడ్లు. ఒకవైపు 6061-టి6 అల్యూమినియం (టి6 అంటే వేడి చేసి గట్టిపరిచింది), ఇంకోవైపు 304 స్టెయిన్‌లెస్ స్టీల్. కంటిన్యువస్ డ్రైవ్ మెషీన్, అంటే ఒక రాడ్డుని తిప్పుతూ రెండోదానికి ఒత్తి, ఆ రాపిడి వేడితో అతికించేది. ఫ్లాష్ (అతుకు దగ్గర బయటికి పొంగే లోహం) చుట్టూ సమానంగా, ముచ్చటగా వస్తోంది. బెండ్ టెస్ట్‌లో పెడితే మాత్రం అతుకు దగ్గరే టక్కున ఊడొస్తోంది. వేడి చాలలేదేమోనని ఫ్రిక్షన్ టైమ్ పెంచితే ఇంకా తొందరగా ఊడింది. ఇదే మెషీన్ మీద స్టీల్–స్టీల్ బ్రహ్మాండంగా వస్తుంది. ఎక్కడ చూడాలి?

రివెట్టు:
అల్యూమినియం అంటే ఫ్రిక్షన్ స్టిర్ కదా బ్రో? అది చూడు.

పాత ఫోర్‌మన్:
స్టిర్ అంటే తిరిగే పనిముట్టుతో అతుకు వెంట లోహాన్ని కలియబెట్టడం. 1991లో ఇంగ్లండ్‌లో టిడబ్ల్యూఐ అనే వెల్డింగ్ పరిశోధన సంస్థ వాళ్లు తెచ్చింది. ప్లేట్ల అంచులు కలపడానికి మహా బాగుంటుంది. గుండ్రటి రాడ్డుకి మీ దగ్గరున్న మెషీనే సరైనది.

ముందు ఆ ఫ్లాష్ చూసి మురిసిపోవడం మానండి. అదంతా అల్యూమినియందే, 304 ఆ వేడికి కదలను కూడా కదలదు. స్టీల్–స్టీల్‌లో రెండు ముఖాలూ మెత్తబడి మురికిని బయటికి నెట్టేస్తాయి. ఇక్కడ స్టీల్ ముఖం మీద ఏముంటే అది అక్కడే ఉండిపోతుంది: కూలెంట్ పొర, వేలి జిడ్డు, ఏదైనా. స్టీల్‌ని వెల్డ్‌కి కాస్త ముందే కూలెంట్ లేకుండా ఫేసింగ్ కొట్టి (లేత్ మీద ముఖాన్ని కొత్తగా చెక్కి), అసిటోన్‌తో తుడిచి, ఇక చెయ్యి తగలనివ్వకండి.

టైమ్ పెంచితే పాడైందన్నారే, అసలు సంగతి అక్కడుంది. ఇనుము, అల్యూమినియం వేడిలో ఎక్కువసేపు ఉంటే మధ్యలో రెండూ కలిసిన, గాజులా పెళుసైన ఇంటర్‌మెటాలిక్ పొర పెరుగుతుంది. పలచగా ఉన్నంతవరకు ఫర్వాలేదు. మందమైతే బెండ్‌కి ఆగదు.

ఊడిన స్టీల్ ముక్కని వెలుతురుకి వాల్చి చూడండి. నడిమధ్య టర్నింగ్ గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయా? అంచు వైపు ఎలా ఉంది?

చక్‌కీ:
మధ్యలో గీతలు శుభ్రంగా కనిపిస్తున్నాయండి. అంచు వైపు గీతలు లేవు, అల్యూమినియం కూడా అంటుకోలేదు.

పాత ఫోర్‌మన్:
అయితే రెండు జబ్బులూ ఉన్నాయి: మధ్యలో అతకనే లేదు, అంచున పెళుసు పొర మందమైంది. నట్టనడుమ తిరిగే వేగం సున్నా కాబట్టి అక్కడికి వేడి ఆలస్యంగా చేరుతుంది. దానికోసం మీరు టైమ్ పెంచుతుంటే ఈలోపు అంచు మాడుతోంది. స్టీల్ ముఖానికి మధ్య ముందుగా తగిలేలా కొద్దిగా కోన్ ఇవ్వండి. టైమ్ తగ్గించి, ఫోర్జ్ ప్రెషర్ (తిప్పడం ఆపి చివర్లో గట్టిగా ఒత్తేది) పెంచండి.

మాండ్రెల్:
బ్రేక్ కూడా చూడండి. ఫోర్జ్ పడ్డాక స్పిండిల్ (రాడ్డుని తిప్పే ఇరుసు) ఇంకా తిరుగుతుంటే పడ్డ అతుకుని అదే చింపేస్తుంది.

పాత ఫోర్‌మన్:
ఇది నేను మొదటే చెప్పాల్సింది. ఇంకోటి, అన్నీ కుదిరినా టి6 బలం రాదు. అతుకు పక్కన అల్యూమినియం వేడికి మెత్తబడుతుంది. బెండ్‌లో అక్కడ వంగిందంటే మీ వెల్డ్ పాసైనట్టే.