ట్రెడిల్ మిషన్‌ల చెక్క కాయిన్లు (అచ్చు అక్షరాలను బిగించే ఏటవాలు ముక్కలు) జారుతున్నయి, ఏం చేయాలె?

అందరికీ నమస్తే. మాది దేవరకొండ. మా నాయన పెండ్లి పత్రికలు కొట్టిన ట్రెడిల్ అచ్చు మిషన్‌ను మళ్లా నడుపుతున్న. చెల్లె పెండ్లి కార్డు దాని మీదనే వేయాలె.

అక్షరాలు కూర్చి, చేజ్ అనే ఇనుప చట్రంల పెట్టి, చుట్టూ సందులు నింపే ఫర్నిచర్ చెక్కలు పేర్చి, కాయిన్లు రెండేసి ఎదురెదురుగా దిగగొడుతున్న. బండ మీద గట్టిగనే ఉంటది. ఒక అంచు లేపి వేలితో ఒత్తితే మాత్రం నడుమ 'శ్రీ' కిందికి దిగుతది. ఇంకింత కొడితే మొత్తం పైకి ఉబ్బుతది. కాయిన్ల ఏటవాలు ముఖాలు ఏండ్లకేండ్లు నూనె పట్టి అద్దం లెక్క నున్నగైనయి.

మా ఇంటి రాతిగోడల మూలరాయి ఒక వరుసల ఇటు పొడుగు, మీది వరుసల అటు పొడుగు. రెండు గోడలను అట్ల పట్టుకుంది. ఇంగ్లీషుల దానికీ, ఈ చెక్కకూ పేరొకటే, కాయిన్ (quoin). నా చెక్కనే పట్టుకుంటలేదు.

ఆ ముఖాలు గరుకు కాగితంతో రుద్దితే పట్టు వస్తదా, లేక వాలు చెడుతదా? కొత్తవి చేయించాలంటే టేకు మంచిదా, తుమ్మనా? తాళంచెవితో బిగించే ఇనుప కాయిన్లు పాతవి ఎవరి దగ్గరన్న ఉంటే చెప్పండి, వచ్చి కొనుక్కుంట.